ఫ్యాన్‌తో వెళ్ళిపోయిన వచనం

మా వదినకు చదవడం రాదన్న సంగతి ముప్పై నాలుగేళ్ళు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్క అన్నయ్యకు తెలిసుండాలి. ఆయన ఎవరికీ చెప్పకుండానే వెళ్ళిపోయాడు. చివరికి కనిపెట్టింది నేను. అదీ చర్చిలో, పాట మధ్యలో, రెండు వరసల వెనకనుంచి.

గొప్ప కోసం చెప్పడం లేదు. నా బతుకంతా తప్పులు పట్టడమే. ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో ముప్పయ్యేళ్ళ కిందట చేరాను, ఇంకా అందులోనే ఉన్నాను. ఎవరైనా పెళ్ళి కార్డు చేతికిస్తే పెళ్ళికూతురెవరో చూడను, కామా ఎక్కడ పడిందో చూస్తాను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. మందు లేని జబ్బు అని కూడా అంటుంది.

ఆ ఆదివారం పాడిన పాట మా పాటల పుస్తకంలో రెండు పేజీల్లో ఉంటుంది. మూడో చరణం దగ్గర కాగితం తిప్పాలి. అందరూ తిప్పారు. వదిన ఒక్కతే తిప్పలేదు. పుస్తకం రెండు చేతులతో పట్టుకుని, పేజీ వంకే చూస్తూ, మూడో చరణం, నాలుగో చరణం పొల్లుపోకుండా పాడేసింది. మా ఆవిడ పాడమని మోచేత్తో పొడిచింది కానీ నేను వదిన తిప్పని ఆ పేజీ వంకే చూస్తుండిపోయాను.

బయటికొచ్చాక మెట్ల మీద అడిగాను. "వదినా, ఇందాక నీ పుస్తకంలో మూడో చరణం ఏ పేజీలో ఉంది?"

"ఎందుకు?"

"ఊరికే."

ఆవిడ నా మొహంలోకి చూసింది. దొరికిపోయానని తెలిసింది ఆవిడకు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు మరిదీ," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజులకు తనే కబురు పెట్టింది, కొట్టుకు రమ్మని.

వదినది ఫ్యాన్లు బాగుచేసే కొట్టు. కాలిపోయిన మోటారులోంచి పాత తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెడుతుంది. దాన్నే వైండింగ్ అంటారు. వెంట్రుకంత సన్నం తీగ. కొంచెం లాగితే తెగుతుంది, కొంచెం వదిలితే వదులవుతుంది. అరవై ఒకటో ఏట కూడా ఆవిడ చెయ్యి వణకదు. అన్నయ్య ఉన్నప్పుడు వచ్చినవాళ్ళతో మాట్లాడటం, పేర్లు రాయడం ఆయన పని, తీగ చుట్టడం ఈవిడ పని. అందరూ అన్నయ్యనే మెకానిక్ అనుకునేవాళ్ళు. ఆయన రెండేళ్ళ కిందట పోయినప్పుడు కొట్టు మూతపడుతుందని అందరం అనుకున్నాం. పన్నెండో రోజున షట్టరు ఎత్తింది. అప్పుడర్థమైంది మాకు, మెకానిక్ ఎవరో.

పేర్లు రాయడానికి ఎవరూ లేకపోయేసరికి ఆవిడ తనదైన పద్ధతి పెట్టుకుంది. ఫ్యాన్ మెడకు దారం కడుతుంది. ఒక ముడి ఉంటే చప్పుడు, రెండు ముళ్ళుంటే నెమ్మది, మూడు ముళ్ళుంటే కాలిపోయింది. ఎవరిదన్నది రాసుకోనక్కర్లేదు. మనం మనిషి మొహం గుర్తుపట్టినట్టు ఆవిడ ఫ్యాన్‌ను గుర్తుపడుతుంది. మమ్మల్నందర్నీ కూడా ఫ్యాన్లతోనే గుర్తుపెట్టుకుంటుందని నా అనుమానం. నాది బేరింగు అరిగిన పాత ఫ్యాను. ఎప్పుడూ గొణుగుతూనే ఉంటుంది.

ఆ రోజు తీగ చుట్టే యంత్రం పిడి తిప్పుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. "ఏడో ఏట మా నాన్న తన వైండింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. చిన్న వేళ్ళయితే గాడుల్లోకి తీగ బాగా దూరుతుందని. తమ్ముళ్ళు బడికి, నేను బల్లకి. ఆయన చెడ్డవాడు కాదు మరిదీ. నాకు అన్నం పెడుతున్నది ఆయన నేర్పిన పనే. అక్షరం కూడా నేర్పాలని తోచలేదంతే."

"అన్నయ్య నేర్పలేదా?"

"నేర్పుతానన్నాడు. నేనే వద్దన్నా. ఎందుకు, ఆయనున్నాడుగా. రోజూ పొద్దున్నే వాక్యం చదివి వినిపించేవాడు. నేను పని చేసుకుంటూ వినేదాన్ని." పిడి ఆపింది. "ఇప్పుడు ఎవరూ చదవరు. వారానికోసారి చర్చికొస్తే చెవిన పడ్డదే. ఎండాకాలం వస్తే అదీ ఉండదు. పోయినేడు పది వారాలు రాలేకపోయా. పది వారాలు మరిదీ, ఒక్క మాట లేదు. ఇల్లు అదే, మంచం అదే, పుస్తకం ఆ గూట్లోనే ఉంది. తెరిస్తే చీమల బారు."

నేను ఏదో అనబోయాను.

"జాలి చూపించకు. నేర్పు," అంది.

ఇంతలోనే ఇంకో కబురు చల్లగా చెప్పింది. మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆదివారం వాక్యపఠనం పుస్తకం వరసలోనే సాగుతుంది, ఎవరి వంతుకు ఏ భాగం వస్తే వాళ్ళు అదే చదవాలి. ఏ ఇంటి వంతు ఎప్పుడో పాస్టరుగారి గది తలుపుకు కాగితం అంటించి ఉంటుంది. మా ఇంటి వంతు ఏటా ఎండాకాలం చివరి ఆదివారం. అన్నయ్య చదివేవాడు. ఆయన పోయాక రెండేళ్ళుగా నేను చదువుతున్నాను. వదిన వెళ్ళి పాస్టరుగారితో ఈ ఏడు తను చదువుతానని చెప్పొచ్చిందట.

నిజం చెప్తున్నాను, నాకు ముందు కలిగింది సంతోషం కాదు. ఏడాదికోసారి అంతమంది ముందు నిలబడి, ఒక్క తప్పు లేకుండా, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతూ చదవడమంటే నాకు ఎంతిష్టమో నాకే తెలుసు. ఆ రోజు కోసం చొక్కా ముందే ఇస్త్రీ చేయించి పెట్టుకుంటాను. మిగతా ఏడాదంతా నేను దిద్దిన పుస్తకాల్లో నా పేరెక్కడా ఉండదు మరి.

ఆ సంవత్సరం మా వంతుకు వచ్చిన భాగం చూశాక దిగులు కూడా పట్టుకుంది. పాత నిబంధనలో ఒక పట్టణం గోడ కూలిపోతే దాన్ని ఎవరెవరు బాగుచేశారో చెప్పే జాబితా అది. పదిహేను వచనాలు. కథ లేదు, ఓదార్పు లేదు. అన్నీ నోరు తిరగని పేర్లు, తలుపులు, గడియలు. ఎవరూ కంఠతా పట్టరు, ఎవరూ గోడకు రాసి తగిలించుకోరు. అన్నయ్య కూడా పొద్దున్నే చదివేటప్పుడు అలాంటివి దాటేసేవాడట.

"పాస్టరుగారితో చెప్పి మార్పిద్దాం వదినా. నాకే నాలుక మడతపడుతుంది," అన్నాను.

"ఏం చేశారు వాళ్ళు?"

"గోడ బాగుచేశారు."

"రిపేరు వాళ్ళేగా. నాకు పనికొస్తారు. మార్చొద్దు."

చలికాలంలో మొదలుపెట్టాం. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, వెనక బెంచీలో అరగంట కూర్చునేవాళ్ళం. నాకు ముక్కు మీద కోపం, ఆవిడకు మాట పడే అలవాటు లేదు. నేను పెన్సిలు విసిరికొట్టిన రోజులున్నాయి, ఆవిడ పుస్తకం మూసేసి లేచిపోయిన రోజులున్నాయి. అయినా చలి తగ్గేసరికి చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఒత్తులు రాగానే ఆగిపోయేది. "ఈ తోక ఏమిటి మళ్ళీ," అనేది.

అప్పుడొచ్చింది ఎండాకాలం.

పొద్దున ఏడింటికే కొట్టు ముందు ఫ్యాన్లు పట్టుకుని మనుషులు. భుజాన వేసుకుని ఒకరు, సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని ఒకరు, పసిపిల్లను చంకనేసుకుని ఇంకొకరు. ఆదివారాలు కూడా అంతే. మొదటి వారం వదిన చర్చికి రాలేదు. రెండో వారం రాలేదు. మూడో వారం మా సంఘపెద్ద ఒకాయన మెట్ల మీద నిలబడి నలుగురు వినేలా అన్నాడు, "ఆదివారం కొట్టు తెరిచేవాళ్ళు వాక్యం చదవడమేమిటండీ," అని.

నేను వెళ్ళి ఆ మాట వదినకు చేరవేశాను. చేరవేయకుండా ఉండాల్సింది. ఆవిడ తల ఎత్తలేదు. "పొద్దున ఒకామె వచ్చింది. నెల పిల్లాడు. ఒళ్ళంతా చెమటకాయలు. ఆదివారం కదమ్మా రేపు రా అని పంపించనా? ఆయన్నే చెప్పమను." గొంతు తగ్గించి అంది, "నాకూ రావాలనే ఉంది మరిదీ. చర్చి గంట వినపడినప్పుడల్లా చెయ్యి ఆగిపోతోంది. అట్లా ఆగినప్పుడల్లా తీగ తెగుతోంది."

మధ్యాహ్నం భోజనం వేళ కొట్టుకే వెళ్ళి చెప్పడం మొదలుపెట్టాను. కుదిరితే ఒట్టు. ఒక మాట చదివేలోపు ఇద్దరొస్తారు. ఆవిడ చేతికి పుస్తకం పట్టుకునే తీరిక ఉండదు, పట్టుకుంటే పేజీకి వార్నిష్ అంటుతుంది. నాలుగో రోజు విసుగొచ్చి బెంచీ మీద కూలబడి ఆవిడ్నే చూస్తూ కూర్చున్నాను. కుడిచెయ్యి పిడి తిప్పుతోంది. ఎడమచెయ్యి తీగను వేళ్ళ మధ్య నడిపిస్తోంది. ఎన్ని చుట్లన్నది చేతులకే తెలుసు. మరి కళ్ళు? కళ్ళకు పనేమీ లేదు. ఎదురుగా కొక్కేలకు వేలాడే ఫ్యాన్ల మీద ఊరికే ఆని ఉన్నాయి.

మర్నాడు ప్రెస్‌లో మిగిలిన అట్ట ముక్కలు అరచేతి వెడల్పున కత్తిరించాను. మందపాటి స్కెచ్ పెన్నుతో, దూరానికి కనపడేలా, ఒక్కో ముక్క మీద ఒక్కో వచనం రాశాను. మొదటిది తీసుకెళ్ళి ఆవిడ కళ్ళెదుటి కొక్కేనికి ఉన్న ఫ్యాన్ దారానికి కట్టాను. నేనొకసారి చదివి వినిపించాలి, ఆవిడ పని చేస్తూ మళ్ళీ మళ్ళీ చదువుకోవాలి. నోటికి పట్టుబడ్డాక అట్ట విప్పి బిస్కెట్ల డబ్బాలో వేసి ఇంకోటి అడగాలి. ఇదీ ఏర్పాటు.

ఆవిడ పిడి ఆపి ఆ అట్టను చూసింది. తర్వాత, "చర్చికి నేను రాలేకపోతే చర్చి కొక్కేనికి వేలాడుతోంది," అని నవ్వింది.

పని సాగింది. ఫ్యాన్ బాగుపడి ఇంటికి వెళ్ళిపోయేది, అట్ట ఇంకో ఫ్యాన్ మెడకు మారేది. కొట్టుకు వచ్చినవాళ్ళు తలెత్తి చదివి, ఇదేం గిరాకీ పేరమ్మా ఇంత పొడుగుందని అడిగేవాళ్ళు. వదిన ఆ గోడ కట్టినవాళ్ళ గురించి పక్కింటివాళ్ళ గురించి మాట్లాడినట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. కంసాలి వచ్చి గోడ పనిచేశాడట, అత్తర్లు అమ్ముకునేవాడు కూడా వచ్చాడట. అయిదో వచనం దగ్గర మాత్రం పిడి ఆపి పగలబడి నవ్వింది.

"పెద్దమనుషులు మాత్రం మెడ వంచలేదట మరిదీ. అప్పుడూ ఇంతేనన్నమాట." ఎవరిని తలుచుకుందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

అయినా నా మనసులో ఒక పురుగు తొలుస్తూనే ఉంది. ఈవిడ చదువుతోందా, బట్టీ పడుతోందా? చిన్నప్పటినుంచి చెవితో విని గుర్తుపెట్టుకోవడమే అలవాటైన మనిషి. నాలుగు చరణాల పాట ఒక్కసారి వింటే చాలు. నేను చదివి వినిపించిన వచనాన్ని అట్ట చూడకుండా కూడా అప్పజెప్పగలదు. అదే అయితే ఇంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే. వచ్చే ఎండాకాలం మళ్ళీ గూట్లో పుస్తకం, తెరిస్తే చీమల బారు.

పన్నెండో వచనం రోజు నేను పప్పులో కాలేశాను. ఆ సంగతి నాకు తెలిసింది మాత్రం మూడు వారాల తర్వాత.

ఆ రోజు ప్రెస్‌లో తొందర పని. రొప్పుకుంటూ కొట్టుకొచ్చాను. వదిన వెనక గదిలో వార్నిష్ ఆరబెడుతోంది. సాయంత్రం వచ్చి చదివి వినిపించవచ్చులే అనుకుని, చేతికందిన ఫ్యాన్‌కు అట్ట కట్టేశాను. అది గుమ్మం పక్కన పెట్టిన ఫ్యాను. పని పూర్తయినవే గుమ్మం పక్కన పెడుతుందని కొట్టుకు వచ్చే ప్రతివాడికీ తెలుసు. నేను అక్షరాలు తప్ప ఇంకేదీ చూడనుగా. అంతలో యూనిఫాంలో ఉన్న ఒక బస్సు కండక్టరు వచ్చి, డ్యూటీకి టైమైపోతోంది, నా ఫ్యాను అయిందా అని అడిగాడు. గుమ్మం పక్కదాన్ని చూపించి, అదిగో, అదే నాది అన్నాడు. నేనే ఎత్తి అతని భుజానికెక్కించాను. సాయంత్రం ప్రెస్‌లోనే చీకటిపడింది. మర్నాడు వదిన "తర్వాతది ఇవ్వు," అంది. పన్నెండోది చదివేసిందనుకుని పదమూడోది కట్టాను. అచ్చులో పుల్లస్టాపు తప్పిపోతే పట్టుకునేవాణ్ణి, వచనం మొత్తం తప్పిపోతే పట్టుకోలేకపోయాను.

పదిహేనోది కూడా అయింది. శనివారం సాయంత్రం కూర్చుని మొత్తం పుస్తకంలోంచే ఒకసారి చదివిద్దామనుకున్నాను. శనివారం మధ్యాహ్నం ఎక్కడో తీగలు కలిసి కరెంటు ఒక్కసారిగా ఎక్కువైంది. వీధుల్లో ఫ్యాన్లన్నీ గిర్రున తిరిగి, పొగ చిమ్మి ఆగిపోయాయి. మిగిలినవి కూడా కరెంటు పోయి సాయంత్రందాకా ఆగిపోయాయి. నేను వెళ్ళేసరికి కొట్టు ముందు కాలు పెట్టే చోటు లేదు. బల్ల మీద అయిదు ఫ్యాన్లు వరసగా ఉన్నాయి.

"ప్రసూతి ఆసుపత్రివి," అంది వదిన. "బాలింతలున్నారు. ఇవయ్యేదాకా నన్ను పలకరించకు."

"రేపు?"

"వస్తా."

"రాలేకపోతే నేను..."

"వస్తానన్నానుగా మరిదిగారూ." గారు చేర్చిందంటే కోపం వచ్చిందని.

ఆదివారం ఆరాధన తొమ్మిదింటికి. నేను ఎనిమిదిన్నరకే వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్ళాను, దాచడమెందుకు. మొదటి పాట అయింది. వదిన లేదు. పాస్టరుగారు నా దగ్గరికొచ్చి వంగి, "ఆవిడ రాకపోతే మీరే చదివేయండి. మీకు కొత్తేమీ కాదుగా," అన్నారు. పుస్తకం తెరిచి ఆ భాగం తీసి పెట్టుకున్నాను. ఆ క్షణంలో నాకు లోపల ఎక్కడో కాస్త సంతోషం వేసింది. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

రెండో పాట మధ్యలో పక్క తలుపులోంచి వదిన వచ్చింది. ఉతికిన బట్టలు, తడి ఆరని జుట్టు, గోళ్ళ చుట్టూ వార్నిష్ పసుపు. తెల్లవారకముందే లేచి అయిదో ఫ్యాను పూర్తిచేసి, ఆసుపత్రికి పంపి వచ్చిందట. నా వైపు చూసి తలూపి ముందు వరసలో కూర్చుంది. సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎవరో వెనకనుంచి నా భుజం తట్టారు. కండక్టరు. అదే యూనిఫాం. గుమ్మం దగ్గరికి పిలిచాడు.

"కొట్టుకెళ్తే అమ్మగారు ఇక్కడున్నారన్నారండి. ఇది మా ఫ్యాన్‌కి ఉండిపోయింది." అట్ట ముక్క నా చేతిలో పెట్టాడు. "తిరుగుతున్నంతసేపూ కనపడలేదు. నిన్న కరెంటు పోయి ఫ్యాను ఆగితే మా అమ్మ చూసింది. ఎవరిదో వాక్యంలా ఉంది, పారేయకు, ఇచ్చి రా అంది."

అట్ట తిప్పి చూశాను. నా చేతిరాతే. పన్నెండు. అంటే దీన్ని వదిన చూడనే లేదు.

వెనక్కి తిరిగేసరికి వదిన పీఠం దగ్గరికి వెళ్ళిపోతోంది. బెంచీల మధ్యనుంచి గబగబా నడిచి, "వదినా," అన్నాను సన్నగా. ఆవిడ వినిపించుకోలేదు. ఇంకొక్క అడుగు వేస్తే గదిలో అందరూ నన్నే చూస్తారు, తర్వాత ఆవిణ్ణి చూస్తారు. ఏం చెప్పను? ఒకటి మానేసి చదువు అనా? ఎక్కడివాణ్ణి అక్కడే బెంచీ చివర కూర్చుండిపోయాను.

చదవడం మొదలుపెట్టింది.

వేలు వరస మీద పెట్టి, నెమ్మదిగా. నోరు తిరగని పేర్లన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆవిడ కుడిచెయ్యి పీఠం అంచు మీద చిన్నగా గుండ్రంగా తిరుగుతోంది, పిడి తిప్పుతున్నట్టు. ఆ సంగతి ఆవిడకు తెలియదు. పెద్దమనుషుల మాట వచ్చినప్పుడు ఆవిడ పెదవి మూల కదిలింది. కంసాలి వచ్చాడు, అత్తర్లవాడు వచ్చాడు. నాకు మాత్రం ఏదీ ఆనందంగా లేదు. ఎనిమిది, తొమ్మిది, పది. ఎత్తు మీదనుంచి జారిపోయేవాడిలా బెంచీ పట్టుకుని కూర్చున్నాను.

పదకొండు అయింది. చెయ్యి తిరగడం ఆగింది.

ఆవిడ పేజీలోకి ఇంకొంచెం వంగింది. నేనెప్పుడూ చదివి వినిపించని వచనం అది, అన్నయ్య దాటేసిన వచనం, ఏ పాటలోనూ లేనిది. మొదటి పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. అందించబోయాను. ముప్పయ్యేళ్ళ అలవాటు, తప్పు కనపడితే ఆగలేను. కానీ ఇక్కడ తప్పేదీ పడలేదింకా. చేతిలో అట్ట నలిగిపోయేలా పట్టుకుని పళ్ళు బిగించాను.

ఆవిడ మొదటి పేరును మూడు ముక్కలుగా విరిచి చదివింది. మళ్ళీ కలిపి చదివింది. తర్వాతి పేరు. అతను ఆ పట్టణంలో సగానికి అధికారి అని చదివింది. అతను కూడా గోడ బాగుచేశాడని వేలు జరిపింది. అతను, అతని... అక్కడ ఆగింది.

"కుమార్... తె... లు."

తలెత్తింది. ఎవరివైపూ చూడలేదు. మళ్ళీ పేజీలోకి చూసింది, నిజంగానే అక్కడుందా అన్నట్టు. ఈసారి ఒక్క ఊపులో, గది చివరిదాకా వినపడేలా చదివింది. అతనూ, అతని కుమార్తెలూ.

నా కళ్ళు మసకబారాయి. ఎవరైనా చూస్తారన్న భయం కూడా లేకుండా ఏడ్చాను. ఆవిడ చదివింది. విన్నది గుర్తుంచుకుని చెప్పడం కాదు, కాగితం మీద ఉన్నది, ఎవరూ చెప్పనిది, తన కళ్ళతో చదివింది. మిగిలిన మూడు వచనాలూ పరుగున అయిపోయాయి. పుస్తకం మూసి వచ్చి కూర్చుంది.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఆవిడ దగ్గరికొచ్చి, "చాలా బాగా చదివారమ్మా," అన్నాడు. మెడ కూడా కొంచెం వంచాడు. వదిన మర్యాదగా నమస్కారం పెట్టింది. ఆయన వెళ్ళాక నా వైపు తిరిగింది.

"పన్నెండోది నాకు ఇవ్వలేదు నువ్వు."

అట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఎలా పోయిందో చెప్పాను. గుమ్మం పక్కది పని అయిపోయిన ఫ్యానని గమనించక కట్టానని చెప్పేసరికి నవ్వు ఆపుకోలేకపోయింది. "లోకంలో తప్పులన్నీ పట్టేవాడివి," అంది. "మూడు వారాలు ఎవరింట్లోనో గాలి పోసుకుందన్నమాట."

మెట్ల మీద కూర్చుంది. ఎండ అప్పుడే మెట్లదాకా వచ్చింది. అట్ట మోకాలి మీద పెట్టుకుని ఇంకోసారి చదువుకుంది, పెదవులు కదుపుతూ.

"అందరూ మగవాళ్ళే అనుకున్నా మరిదీ," అంది. "పదకొండు వచనాలు చదివినా ఒక్క ఆడమనిషి లేదు. నాన్నతో పాటు పనిచేసిన ఆడపిల్లల్ని కూడా రాశారు చూడు. ఎవరో చూసి రాసి పెట్టారు." అట్ట మీది అక్షరాలను బొటనవేలితో నిమిరింది. "మా నాన్నకు చదివి వినిపించాలనుంది. తమ్ముళ్ళకు కాదు, నాన్నకే."

ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. కొట్టు దగ్గర ఇంకా పదిహేను ఫ్యాన్లున్నాయి, ఆకాశంలో మబ్బు జాడ లేదు, వచ్చే ఆదివారం కూడా వస్తుందో రాదో తెలియదు. అన్నయ్య పుస్తకం చంకలో పెట్టుకుని, పేజీ తప్పిపోకుండా ఆ అట్టనే గుర్తుగా పెట్టి రెండు మెట్లు దిగింది. మళ్ళీ ఆగింది.

"ఇంతకీ ఆ గోడ పూర్తయిందా?"

"ఆ, అయింది. మధ్యలో కొంతమంది శత్రువులు..."

చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పకు. నేను చదువుకుంటాగా."